యుద్ధములో నిరాయుధుల ప్రాణము: ఒక ధర్మవిచారము

ఉత్సవ సమయమున వెలువడు సంచికలో యుద్ధప్రసంగ మేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. అయితే దేవాలయ ప్రాంగణములలో తరతరములుగా చదివించుకొని వినుచు వచ్చిన రామాయణ భారతములు రెండును యుద్ధకథలే. వానిని విన్న పెద్దలు జయాపజయములను మాత్రమే వినలేదు. ఎవరిని చంపవచ్చును, ఎవరిని చంపరాదు, గెలుపు కొరకు ఎంతవరకు పోవచ్చును అను ప్రశ్నలను గూడ వినిరి. కురుక్షేత్రమున యుద్ధారంభమునకు ముందు ఉభయపక్షములవారును కొన్ని నియమముల నేర్పరచుకొనినట్లు భీష్మపర్వము చెప్పుచున్నది. ఆయుధము విడిచినవానిని, వెన్నిచ్చి పారువానిని కొట్టరాదు. రథము తోలు సారథిని, ఆయుధములు మోయువానిని, భేరీశంఖములు మ్రోగించువానిని కొట్టరాదు. యుద్ధభూమిలోనే నిలిచి యుద్ధమునకు తోడ్పడువానికే ఇంత రక్షణ యున్నప్పుడు, ఊరిలో పొయ్యి ముట్టించుకొను ఇల్లాలి సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు.

మౌర్యుల కాలమున రాయబారిగా వచ్చిన గ్రీకు దేశీయుడు మెగస్తనీసు, భారతదేశమున సేనలు దగ్గరలోనే పోరుచున్నను పొలము దున్నుకొను రైతు జోలికి ఎవరును పోరని వ్రాసెను. ఆ నియమము అన్ని కాలములందును, అన్ని చోట్లను పాటింపబడినదని చెప్పుట సత్యము కాదు. ఊళ్లను కాల్చిన రాజులును కలరు. కోటలను ముట్టడించి జనులను పస్తు పెట్టిన సేనాపతులును కలరు. కాని నియమ మొకటి యున్నదని వారెరుగుదురు. తప్పినవాడు తాను తప్పితినని ఎరుగును. ఇరువదవ శతాబ్దమున విమానము వచ్చిన పిమ్మట ఆ నియమమే అవసరమా అను క్రొత్త వాదము పుట్టినది. నగరములపై బాంబులు వేసి నిరాయుధ ప్రజలను చంపుట కొన్ని సమయములందు ధర్మమే యగునని విద్యావంతులు, ఉత్తములు, దేశభక్తులు గూడ చెప్పసాగిరి. ఆ వాదమును నిదానముగ పరిశీలించుట అవసరము.

మలయా అనుభవము

ఈ ప్రశ్న తోటలలో పుట్టిపెరిగిన తెలుగువారికి దూరదేశపు ప్రశ్న కాదు. 1941 డిసెంబరు 8వ తేదీన తెల్లవారకముందే జపాను విమానములు సింగపూరుపై బాంబులు వేసెను. అప్పటికి వీధిదీపము లింకను వెలుగుచునే యుండెను. ఆ దాడిలో 61 మంది మరణించిరి. మూడు దినముల తరువాత, 11వ తేదీన, పెనాంగు దీవిలోని జార్జిటౌనుపై బాంబులు పడెను. ఆ పట్టణమునకు విమానములను కూల్చు ఫిరంగులు లేవు. విమానముల మ్రోత విని జనులు దాగుకొనుటకు బదులు వానిని చూచుటకై వీధులలోనికి వచ్చిరి. అంగడివారును, రిక్షా లాగువారును, రేవుకూలీలును, బజారునకు వచ్చిన స్త్రీలును ఆ వీధులలోనే నేలకొరిగిరి. వారము తిరుగకముందే ఐరోపావారు రహస్యముగ దీవిని విడిచి పోయిరి. తక్కిన జనులు మిగిలిపోయిరి.

అదే నెల 23వ తేదీన బర్మాలోని రంగూనుపై దాడి జరిగెను. ఆ కాలమున రంగూను రేవులో మూటలు మోసిన కూలీలలో పెద్దభాగము ఆంధ్ర తీరము నుండి వెళ్లిన తెలుగువారు. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరిట అచటివారు వారిని కోరంగీలని పిలిచెడివారు. 23, 25 తేదీల దాడులలో రేవులోను, వీధులలోను జనులు పెద్దసంఖ్యలో మరణించిరి. బ్రతికినవారిలో లక్షలమంది అడవులు, కొండలు దాటి స్వదేశమునకు నడువ నారంభించిరి. త్రోవలో ఆకలికిని, వ్యాధులకును పోయినవారి సంఖ్య వేలకు వేలు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై గూడ జపాను విమానములు బాంబులు వేసెను. సముద్రమున కీవలి యొడ్డునను ఆవలి యొడ్డునను ఒకే జాతి జనులు ఒకే భయమును ఎరిగిరి.

తరువాత కాలచక్రము తిరిగెను. 1945 ఫిబ్రవరి, మార్చి నెలలలో కౌలాలంపూరుపై బాంబులు పడెను. ఈసారి వేసినవి జపాను విమానములు కావు. అమెరికా వారి బి-29 విమానములు. వాటి గురి రైల్వే మరమ్మతు కార్ఖానాలు. ఆ రైల్వేలో పని చేసినవారిలో భారతీయు లెందరో యుండిరి. మార్చి 10వ తేదీన గురి తప్పిన బాంబులకు సెలంగోరు మ్యూజియము కూలెను. ఆక్రమించుటకు వచ్చినవారును, విడిపించుటకు వచ్చినవారును గూడ అదే మట్టిపై, అదే కప్పులపై బాంబులు వేసిరి. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లయ్యెను.

ఇచట ఒక ప్రశ్న ఎదురగుచున్నది. పెనాంగు వీధులలో నిరాయుధులను చంపుట ఘోరమని అందరును అంగీకరింతురు. అదే పనిని న్యాయపక్షమువారు, న్యాయమైన గెలుపు కొరకు చేసినచో అది వేరగునా? చేయువాని పక్షమును బట్టి పని స్వభావము మారునా?

మెట్టుమెట్టుగా దిగిన దారి

నగరములను కాల్చుట ఒక్కనాటి నిర్ణయము కాదు. 1899లో హేగు నగరమున సమావేశమైన దేశములు, గాలిబుడగల నుండి ప్రేలుడు పదార్థములు పడవేయుటను ఐదేండ్లపాటు నిషేధించెను. 1923లో న్యాయవేత్తలు అదే నగరమున వైమానిక యుద్ధమునకు నియమములు వ్రాసిరి. వానిని ఏ రాజ్యములును ఒడంబడికగ స్వీకరింపలేదు. 1937 ఏప్రిల్ 26వ తేదీన, స్పెయిను దేశపు గెర్నికా పట్టణమున సంత జరుగు దినమున, జర్మను విమానములు ముఖ్యపాత్ర వహించి ఆ ఊరిని కాల్చివేసినప్పుడు లోకమంతయు నివ్వెరపోయెను. చైనాలోని చుంకింగు నగరముపై జపాను విమానములు ఏండ్ల తరబడి బాంబులు కురిపించెను.

1939 సెప్టెంబరు 1వ తేదీన, ఐరోపా యుద్ధము మొదలైన దినముననే, అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు యుద్ధము చేయు రాజ్యములన్నింటికిని ఒక విన్నపము పంపెను. రక్షణలేని నగరములపైనను, పౌరజనులపైనను విమానదాడులు చేయరాదని అందు కోరెను. బ్రిటను, ఫ్రాన్సు, జర్మనీలు అంగీకారము తెలిపెను. ఆ మాట ఎక్కువ కాలము నిలువలేదు. 1940 మే 14న రాటర్‌డాము, నవంబరు 14న కవెంట్రీ జర్మను బాంబులకు కాలెను. లండను నగరము నెలల తరబడి రాత్రులు నేలమాళిగలలో గడపెను.

బ్రిటను విమానములు పగటిపూట వెళ్లినచో కూల్చబడుచుండెను. కనుక రాత్రిపూట వెళ్లసాగెను. రాత్రి చీకటిలో గురి కుదరలేదు. 1941 ఆగస్టులో సిద్ధమైన బట్ నివేదిక ప్రకారము, లక్ష్యముపై దాడి చేసితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే ఆ లక్ష్యమునకు ఐదు మైళ్ల లోపలికి చేరుచుండెను. కార్ఖానాను కొట్టలేనప్పుడు నగరమునే కొట్టవలెనను ఆలోచన బలపడెను. 1942 ఫిబ్రవరి 14వ తేదీ ఉత్తరువు, శత్రుదేశపు పౌరజనుల, విశేషించి కార్ఖానా పనివారల ధైర్యమును విరుచుటయే దాడులకు ముఖ్యోద్దేశమని నిర్ణయించెను. మరుసటి నెలలో ప్రధానమంత్రి చర్చిలు యొక్క శాస్త్రసలహాదారు చెర్వెల్ ప్రభువు, జర్మను ప్రజల ఇండ్లను కూల్చి వారిలో మూడవవంతు జనులను నిలువనీడ లేనివారిగ చేయవచ్చునని లెక్కలు కట్టి చూపెను.

1943 జూలై చివర హాంబర్గులో పుట్టిన అగ్నితుఫాను సుమారు 35,000 మందికి పైగా ప్రాణములు తీసెను. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెను కాలెను. అచట మరణించినవారు సుమారు 25,000 మంది యని చరిత్రకారుల సంఘము 2010లో నిర్ణయించెను. 1945 మార్చి 9-10 తేదీల రాత్రి టోక్యోలోని కొయ్యయిండ్లపై నిప్పుబాంబులు కురిసెను. ఒక్క రాత్రిలో లక్షమంది వరకు మరణించిరి. కౌలాలంపూరు మ్యూజియము కూలినది గూడ ఆ మార్చి 10వ తేదీననే. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ సంవత్సరాంతమునకు హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించిరని అంచనా.

ఈ చరిత్రలో గమనింపదగినది ఒకటి కలదు. ఏ మెట్టునందును ఎవడును, నేటినుండి శిశువులను చంపుదమని చెప్పలేదు. ప్రతి మెట్టునకును ఒక కారణ ముండెను. ప్రతి కారణమును ముందటి మెట్టునుండి చూచినచో చిన్నదిగనే కనబడెను. గెర్నికాను చూచి కన్నీరు విడిచిన దేశములే ఎనిమిదేండ్లలో టోక్యోను చేరెను.

సమర్థించువారి వాదములు

ఎదుటివారి వాదమును బలహీనముగ చెప్పి ఖండించుట విచారణ కాదు. నగరములపై దాడులను సమర్థించువారు నాలుగు మాటలు చెప్పుదురు.

మొదటిది: శత్రువే మొదలు పెట్టెను. గాలిని విత్తినవాడు తుఫానును కోసికొనక తప్పదు. రెండవది: నేటి యుద్ధములో జనులందరును సైనికులే. తుపాకిని పేల్చువాడు ఒకడైన, దానిని చేయువారు పదిమంది; కనుక కార్ఖానా నగరము గూడ యుద్ధభూమియే. మూడవది: దాడులవలన యుద్ధము త్వరగ ముగియును, నేడు వేయిమంది మరణించినచో రేపు పదివేలమంది బ్రతుకుదురు. అణుబాంబు వలన దండయాత్ర తప్పెననియు, ఉభయపక్షములందును అనేకుల ప్రాణములు దక్కెననియు అమెరికా మాజీ యుద్ధమంత్రి స్టిమ్సను 1947లో పత్రికాముఖమున సమర్థించెను. నాలుగవది: ఓడినచో సర్వనాశనము తప్పనప్పుడు, మిగిలిన ఒకేయొక ఆయుధమును వాడక తప్పదు.

ఈ మాటలు చెప్పినవారందరును క్రూరులు కారు. బ్రిటిషు బాంబు విమానములలో వెళ్లిన యువకులలో 55,573 మంది తిరిగి రాలేదు. హిట్లరు గెలిచియున్నచో లోకము ఏమై యుండెడిదో తలచుకొనిన, ఆ యువకుల త్యాగమును తేలికచేసి మాటాడుటకు నోరు రాదు.

మలయా తెలుగువారికి మూడవ వాదము మరింత దగ్గరిది. జపాను పాలనలో తోటల నుండి పదులవేల కూలీలను సయాము-బర్మా రైలుమార్గము పనికి తరలించిరి. వారిలో తమిళు లధికులు. తెలుగువారును, మలయులును, చీనీయులును గూడ కలరు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు వారిని కబళించెను. ఏ పేరును లేని గోతులలో వారు పూడ్చబడిరి. బ్రతికినవారు తిరిగి తోటలకు చేరినది 1945 ఆగస్టులో యుద్ధము ముగిసిన పిమ్మటనే. ఆ బాంబు పడనిచో మా తాత యింటికి వచ్చెడివాడు కాడు అని చెప్పు కుటుంబములు కలవు. ఆ మాటను త్రోసిపుచ్చుట సులభము కాదు. త్రోసిపుచ్చుట న్యాయమును కాదు.

ప్రత్యుత్తరములు

మొదటి వాదమునకు భారతమే ప్రత్యుత్తరము చెప్పియున్నది. సౌప్తికపర్వమున అశ్వత్థామ, నిద్రించుచున్న పాండవ శిబిరముపై రాత్రివేళ దాడి చేయ నిశ్చయించెను. మేనమామయైన కృపాచార్యుడు వలదనెను. నిద్రించువారిని చంపుట ధర్మము కాదనెను. ఈ రాత్రి విశ్రమించి, రేపు పెద్దలనడిగి చేయుదమని బ్రతిమాలెను. అశ్వత్థామ చెప్పిన సమాధాన మేమి? పాండవులే ముందుగ ధర్మసేతువును తెగగొట్టిరి. ఆయుధము విడిచిన తన తండ్రిని చంపిరి. కనుక తనకు అడ్డు లేదని. ఆతడు చెప్పినదానిలో అబద్ధము లేదు. ద్రోణుని మరణమున అధర్మము జరిగిన మాట నిజమే. అయినను వ్యాసుడు గాని, తెలుగున ఆ కథను చెప్పిన తిక్కన గాని, ఆ రాత్రి జరిగిన పనిని ధర్మమని చెప్పలేదు. ద్రోణుని చంపినవారు వేరు, ఆ రాత్రి నిద్రలో చచ్చిన బాలురు వేరు. ఉపపాండవులు ఏ అబద్ధమును ఆడలేదు. కవెంట్రీపై బాంబు వేసినవాడు హాంబర్గులో ఉయ్యాలలోని శిశువు కాడు. ఒకని దోషమునకు మరొకనిని దండించుట ప్రతీకారమే గాని న్యాయము కాదు.

రెండవ వాదములో కొంత సత్యము కలదు. తుపాకులు చేయు కార్ఖానా యుద్ధములో భాగమే. దానిని కొట్టుటను ఎవరును తప్పు పట్టరు. కాని కార్ఖానాలో పనివాడు తుపాకిని చేయునప్పుడు యుద్ధమునకు తోడ్పడుచున్నాడు. ఇంటికి వచ్చి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనినప్పుడు తండ్రి మాత్రమే. ఆతనికి అన్నము వండు భార్య, బడికి పోవు కొడుకు, మంచము పట్టిన ముసలితల్లి ఏ యుద్ధమును చేయుటలేదు. అమెరికా తత్త్వవేత్త మైకేలు వాల్జరు 1977లో ప్రకటించిన తన గ్రంథమున ఈ భేదమును చక్కగ వివరించెను: సైనికునకు ఆయుధము నిచ్చువాడు వేరు, మనుష్యునకు మనుష్యుడుగ కావలసిన ఆహారము నిచ్చువాడు వేరు. అన్నము పెట్టువారినందరిని శత్రువులుగ లెక్కించినచో భూమిపై నిరపరాధి యనువాడు మిగులడు.

నాలుగవ వాదమును వాల్జరు పూర్తిగ కాదనలేదు. 1940-41లో బ్రిటను ఒంటరిగ నిలిచి, ఓటమి అంచున ఉన్న కాలమున నగరములపై దాడి క్షమింపదగినదై యుండవచ్చునని ఆయన అభిప్రాయము. కాని నగరములపై బాంబులలో అధికభాగము పడినది ఆ ఆపద గడచిన పిమ్మట, 1943 మొదలు 1945 వరకు. ఆపద్ధర్మమని తెరచిన తలుపు ఆపద తీరిన పిమ్మట మూతపడలేదు. ఆపద్ధర్మమును గూర్చి మాటాడు ప్రతివాడును జ్ఞప్తియందుంచుకొనదగిన విషయమిది.

మూడవ వాదమే కఠినమైనది. దానికి రెండు సమాధానములు కలవు. మొదటిది, లెక్కయే ఎల్లప్పుడును నిజము కాలేదు. జనుల ధైర్యము విరుగునని చెప్పిరి. లండనులోను విరుగలేదు, జర్మను నగరములలోను విరుగలేదు. జర్మనీ ఆయుధోత్పత్తి 1944 మధ్యభాగము వరకు పెరుగుచునే యుండెనని యుద్ధానంతరము అమెరికా వారి విచారణయే తేల్చెను. తైలపు కార్ఖానాలపైనను, రైలుమార్గములపైనను జరిగిన దాడులు మాత్రము శత్రువును నిజముగ కుంగదీసెను. జపాను లొంగుబాటునకు అణుబాంబు ఎంత కారణము, 1945 ఆగస్టు 8న రష్యా ప్రకటించిన యుద్ధము ఎంత కారణము అను విషయమున చరిత్రకారులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు.

రెండవ సమాధానము లెక్కకు సంబంధించినది కాదు. లెక్క సరియే యనుకొందము. రేపటి పదివేలమంది కొరకు నేటి వేయిమందిని చంపవచ్చునన్నచో, ఆ వేయిమందిని ఎవరడిగిరి? 1956లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము మాజీ అధ్యక్షుడు ట్రూమనుకు గౌరవపట్టము నొసగ నిశ్చయించినప్పుడు, అచటి తత్త్వశాస్త్ర బోధకురాలు ఎలిజబెత్ ఆన్స్కోంబు లేచి అభ్యంతరము చెప్పెను. నిరపరాధులను చంపుటనే ఉపాయముగ ఎన్నుకొని ఒక ప్రయోజనమును సాధించుట హత్యయే యని ఆమె వాదము. ఆమెను సమర్థించినవారు కొలదిమందియే. పట్టప్రదానము జరిగిపోయెను; ఆమె ప్రశ్న మాత్రము నిలిచియున్నది.

తోటల సంతతివారికి ఆ ప్రశ్న పుస్తకములనుండి నేర్చుకొనవలసినది కాదు. వారి పూర్వులు సముద్రము దాటినప్పుడు రిజిస్టరులలో సంఖ్యలుగ వ్రాయబడిరి. తోటలో చెక్‌రోలులో తలలుగ లెక్కింపబడిరి. ఇంతమంది చచ్చినను ఇంత రబ్బరు వచ్చినచో లాభమే యని ఎక్కడనో ఎవరో లెక్క కట్టిరి. మలయాలో కూలి ఒప్పందపు పద్ధతి 1910లో రద్దైనది. మనుష్యుని లెక్కగ చూచు బుద్ధి మాత్రము ఏ శాసనముతోను రద్దుకాలేదు. సయాము రైలుమార్గమును గీచినవాడు గూడ ఇంత మార్గమునకు ఇన్ని తలలు అని లెక్కించినవాడే. ఒక దేశమున మూడవవంతు జనులను నిలువనీడ లేనివారిగ చేయవచ్చునని కాగితముపై వ్రాసినవాడును అదే భాష మాటాడెను. రైలుమార్గమున తాతను పోగొట్టుకొనిన కుటుంబము ఆ భాషను శత్రువు నోట విన్నప్పుడు గుర్తించును; మిత్రుని నోట విన్నప్పుడు గూడ గుర్తింపవలెను.

అట్లయిన, తిరిగివచ్చిన తాతను చూచి సంతోషించుట తప్పా? ఎంతమాత్రమును కాదు. ఒక పనివలన తనకు మేలు కలుగుట వేరు. ఆ పని ధర్మమగుట వేరు. మేలు పొందినవాడు ఆ మేలునకు చెల్లింపబడిన మూల్యమును గూడ తలచుకొనవలెను. హిరోషిమాలో ఆ ఉదయమున ఇండ్లు కూల్చిన చోట్లను శుభ్రము చేయుటకు పిలిపింపబడిన బడిపిల్లలు వేలకొలది మరణించిరి. ఈ తాత విడుదలను, ఆ పిల్లల మరణమును ఒకే హృదయములో పట్టి యుంచుకొనుట కష్టము. ధర్మవిచార మనగా ఆ కష్టమును తప్పించుకొనకుండుటయే.

ఉద్దేశ్యము, జాగ్రత్త

అట్లయినచో యుద్ధములో ఏ బాంబును వేయరాదా యని అడుగువారుందురు. యుద్ధమే కూడదను అహింసావాదులు అవునందురు. యుద్ధము కొన్నిమార్లు తప్పదనువారికి గూడ ఒక గీత కలదు. కౌలాలంపూరు రైల్వే కార్ఖానాను గురిపెట్టినప్పుడు ప్రక్కవారు గూడ చచ్చుదురని వైమానికు లెరుగుదురు. కాని వారి చావు ఆ దాడికి సాధనము కాదు. ఎవరును చావకుండ కార్ఖానా మాత్రమే కూలినచో దాడి సఫలమైనట్లే. టోక్యోలో అట్లు కాదు; అచట ఇండ్లు కాలుట, జనులు చచ్చుట దాడిలోని భాగమే. ఈ రెండింటి నడుమ నున్న భేదము సూక్ష్మమైనను సత్యమైనది.

అయితే ఉద్దేశింపలేదను మాట సులభమైన సాకు గూడ కాగలదు. ఒక తుపాకి కొరకు ఒక వాడను కూల్చి, చచ్చినవారిని ఉద్దేశింపలేదని చేతులు కడుగుకొనుట ధర్మము కాదు. 1977 జూన్ 8వ తేదీన జెనీవాలో ఆమోదింపబడిన మొదటి అదనపు ఒడంబడిక ఈ రెండు విషయములను గూడ చెప్పుచున్నది. పౌరజనులను గురిపెట్టరాదు. వారిని భయపెట్టుటకై దాడి చేయరాదు. నగరములోని వేరువేరు సైనిక స్థలములను ఒకే లక్ష్యముగ భావించి నగరమంతటిని కొట్టరాదు. ప్రతీకారముగ గూడ పౌరులను కొట్టరాదు. ఇవికాక, న్యాయమైన లక్ష్యమును కొట్టునప్పుడు గూడ జనులను కాపాడుటకు చేతనైన జాగ్రత్తలన్నియు తీసికొనవలెను. పొందు సైనికప్రయోజనమునకు మించిన ప్రాణనష్టము కలుగునని తోచినచో దాడిని మానవలెను. కురుక్షేత్రపు నియమములు రెండున్నర వేలయేండ్లకు పైబడిన పిమ్మట అంతర్జాతీయ శాసనముగ మరల పలికినట్లు తోచును.

మాటాడినవారు

హింస చెలరేగు కాలమున నిరాయుధుల పక్షమున మాటాడినవారు స్వల్పసంఖ్యాకులే. 1944 ఫిబ్రవరి 9వ తేదీన చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ బ్రిటిషు ప్రభువుల సభలో లేచి, నగరములను నిర్మూలించు పద్ధతిని ప్రశ్నించెను. ఆయన హిట్లరు పక్షపాతి కాడు. హిట్లరునకు జడిసి పారివచ్చినవారికి ముందునుండియు ఆశ్రయ మిప్పించినవాడు. యుద్ధమే చేయరాదని ఆయన చెప్పలేదు. యుద్ధమును ఏ ధర్మము కొరకు చేయుచున్నారో ఆ ధర్మమునే యుద్ధములో విడువరాదని చెప్పెను. అదే సంవత్సరమున వీరా బ్రిటెను అను రచయిత్రి చిన్న పుస్తకము ప్రకటించి నిందల పాలయ్యెను. 1945 మార్చి 28న, డ్రెస్డెను కాలిన ఆరు వారములకు, చర్చిలే ఒక లేఖలో జర్మను నగరములపై భయోత్పాత దాడులను పునరాలోచింపవలెనని వ్రాసెను. సేనాధిపతుల అభ్యంతరముపై ఆ లేఖను ఉపసంహరించుకొని మృదువైన మరొక లేఖ నిచ్చెను. టోక్యో విచారణసభలో భారతీయ న్యాయమూర్తి రాధావినోద పాలు, 1948లో వ్రాసిన భిన్నాభిప్రాయమున, ఓడినవారి పనులతోపాటు అణుబాంబు నిర్ణయమును గూడ ప్రశ్నించెను. ఆయన తీర్పులోని తక్కిన భాగములతో ఏకీభవింపనివారు గూడ, గెలిచినవానిని ప్రశ్నించు విచారణ ఏదియు జరుగలేదను మాటను కాదనలేరు.

నేటి కర్తవ్యము

ఈ విచారణ గడచిన కాలమునకు మాత్రమే చెందినది కాదు. 2022 నవంబరులో డబ్లిను నగరమున ఎనుబదికి పైగా రాజ్యములు జనావాసములలో ప్రేలుడు ఆయుధముల వాడకమును అదుపు చేయుదుమని ప్రకటించెను. అయినను ఈ శతాబ్దమున సిరియా, యెమెను, యుక్రెయిను, గాజా, సూడాను దేశములలో ఇండ్లును, బడులును, ఆసుపత్రులును కూలినవి. ప్రతిచోటను పై నాలుగు వాదములే మరల వినబడెను. ప్రతిచోటను ఒక పక్షము వారి శిశువులకై ఏడ్చి, మరియొక పక్షము వారి శిశువులను లెక్కలో వ్రాయువారు కలరు.

సామాన్యుడు బాంబులను ఆపలేడు. కాని తన యింటిలో, తన సంఘములో మాటను కాపాడుకొనగలడు. యుద్ధవార్తను వినినప్పుడు పక్షము చూడకముందు చచ్చినవా రెవరని అడుగవచ్చును. వాళ్లకు తగిన శాస్తి జరిగెనను మాట పిల్లల ఎదుట పలుకకుండ నుండవచ్చును. తన పక్షమువారు చేసినపుడు గూడ తప్పును తప్పని చెప్పవచ్చును. ఇది చిన్న పనిగ తోచును. బెల్ బిషప్పు చేసినది గూడ ఇంతకు మించినది కాదు.

సౌప్తికపర్వపు కథ ఆ రాత్రితో ముగియలేదు. అశ్వత్థామయు, అర్జునుడును దివ్యాస్త్రములను ప్రయోగించినప్పుడు వ్యాసనారదులు నడుమ నిలిచి, ఉపసంహరింపుడని ఆజ్ఞాపించిరి. అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామకు ప్రయోగించుటయే గాని మరలించుట చేతకాలేదు; దానిని ఉత్తర గర్భముపై విడిచెను. యుద్ధమున ఏ భాగమును లేని, ఇంకను పుట్టని శిశువే ఆ అస్త్రమునకు గురి. శ్రీకృష్ణుడు ఆ శిశువును బ్రతికించెను. మూడువేల యేండ్లు ఒంటరిగ తిరుగుమని అశ్వత్థామను శపించెను. బ్రతికిన ఆ శిశువే పరీక్షిత్తు. భాగవతమును శుకుడు వినిపించినది ఆతనికే. తోటల చిన్న మందిరములలో పోతన పద్యములను పాడుకొను తెలుగువారు, ఆ కథ లోకమునకు వచ్చినది ఒక నిరాయుధుని ప్రాణము నిలిచినందువలననే యని జ్ఞప్తియందుంచుకొందురు గాక.